తూర్పు గుమ్మం ముందు ఎడమ చుట్టు

నమోదు 1. ఏడో దిబ్బ. తెల్లవారుతోంది.

విమానం: రెండు సీట్లది, చేత్తో నడిపేది. సముద్రం మధ్య మా ఇసుక దిబ్బ మీద దీన్ని తెప్ప అంటాం. తాతలు సముద్రం మీద నడిపినవాటి పేరే మేము గాలిలో నడిపేవాటికీ పెట్టుకున్నాం. నడిపేది: గరికిన దానయ్య. ఎక్కేది: గరికిన కొర్లమ్మ, నా భార్య. ప్రయాణం ఎందుకు: ఈ గడిలో ఒక్క ముక్కే చెప్పాలట.

ఒక్క ముక్కలో పట్టే సంగతా ఇది! అయ్యా, తూర్పు గుమ్మం వారూ, ఇది చదివే బాబులూ, తల్లులూ! నాకు బిడ్డ పుట్టబోతోంది. నెత్తి మీద ఒక్క నల్ల వెంట్రుక మిగలని ఈ వయసులో, నాకు, దానయ్యకు, బిడ్డ!

సొంత సంగతులు చెప్పరాదని పలక పైన అచ్చేసి ఉంది. నేను చెబుతుంటే ఈ పలక రాసుకుంటుంది, నా యాసను దిద్ది పుస్తకాల తెలుగులోకి మారుస్తుంది. మనుషులు ఒకరితో ఒకరు ఆడుకున్న మాటలను మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచుతుంది. నేను చదివింది అయిదో తరగతి, నాకన్నా అదే బాగా చదువుకుంది. సరే, దాని పని అది చూసుకుంటుంది. ఇవాళ నా నోరు ఆపడం మాత్రం నా వల్ల కాదు.

ఇందాకే పట్నంలోని గర్భశాల నుంచి కబురు వచ్చింది. రెండు వారాల తర్వాత రావలసిన బిడ్డ ఇవాళే వస్తానంటోందట. ఇన్ని నెలలుగా అక్కడే, గాజు కడుపులో పెరుగుతోంది. నెలకోసారి మా దిబ్బ ఆఫీసులో తెర మీద చూపించేవారు. మొదట పెసరగింజంత. తర్వాత ఉసిరికాయంత. ఆపైన ఎండ్రకాయలా కాళ్ళూ చేతులూ ఆడించడం మొదలుపెట్టింది. ఆడపిల్లో మగపిల్లాడో చెప్పొద్దన్నాం. ఎవరైతేనేం! దిబ్బ దిబ్బంతా తెర ముందు గుమిగూడి చప్పట్లు కొట్టేది.

గర్భశాలలో ఒక నియమం ఉంది. బిడ్డ బయటికొచ్చిన రోజు, పట్నంలో వీధిదీపాలు వెలిగేలోపు, తల్లో తండ్రో ఎవరో ఒకరు వచ్చి ఒళ్ళోకి తీసుకోవాలి. రాకపోతే, వరుసలో మా తర్వాత ఉన్న జంటకు ఇచ్చేస్తారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికి లేదు. ఈ గాజు కడుపులు కొత్తగా వచ్చిన రోజుల్లో, మొదటిరోజు ఎవరూ ఎత్తుకోని బిడ్డలు పాలు తాగక వాడిపోయారట. ఎవరిదో ఒకరిది ఒళ్ళు కావాలి వాళ్ళకు. ఆ ఒళ్ళు మాదే కావాలని మా ఆశ.

వారానికొకసారి పట్నం పోయే పడవ మొన్ననే వెళ్ళిపోయింది. ఇక ఉన్నది తెప్ప. నా పని పైనుంచి చేపల బారులను చూసి పడవలకు చెప్పడం. పట్నం వైపు తెప్ప మీద ఎప్పుడూ పోలేదు. ఇవాళ పోతాం. తాగే నీళ్ళు పోసి మరీ రెక్కల మీది ఉప్పు కడుగుతున్నాను. కొర్లమ్మ అప్పుడే వెనక సీటులో కూర్చుంది. ఒళ్ళో మూట. మూటలో ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత చీరలు, ఆముదం సీసా, ఉగ్గుగిన్నె.

"మావా, రెక్కలు రేపు తోముదువు గాని, రా."

"ఉప్పుంటే తెప్ప బరువెక్కుతాదే."

"నీ మాటలే బరువు. ఎక్కు."

ఎక్కాను.

నమోదు 2. గాలిలో, పట్నానికి తూర్పున, సముద్రం మీద. పొద్దు బాగా ఎక్కింది.

ఎంత బాగుందో ఇవాళ సముద్రం! ఒక కవళ్ళ చేపల బారు కనబడింది, ఎకరమంత. ఇంకో రోజైతే కేకలు పెట్టేవాణ్ణి. ఇవాళ బతికిపొండని దీవించి వదిలేశాను.

పట్నం మీద ఆకాశమంతా పెట్టెలే. సరుకులు మోసేవి, మనుషులను మోసేవి, వాటంతట అవే నడుస్తూ, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ చీమల బారుల్లా పోతున్నాయి. చేత్తో నడిపే తెప్పకు వాటి భాష రాదు. అందుకే పట్నం చుట్టూ గాలిలో ఒక గీత గీసి, లోపలి ఆకాశానికి గొడుగు అని పేరుపెట్టారు. మాలాంటివాళ్ళం గుమ్మం దగ్గర ఆగాలి. పిలిచినప్పుడే గొడుగు కిందికి వెళ్ళాలి.

గుమ్మం అంటే తలుపూ గడపా అనుకున్నాను. సముద్రంలోంచి తాడు కట్టి ఎగరేసిన పసుపు బెలూన్, అంతే. దాని చుట్టూ చిన్న విమానాలు తిరుగుతున్నాయి. రేడియోలో ఒక ఆడపిల్ల గొంతు పలకరించింది, హిమజ అట పేరు.

"ఏడో దిబ్బ తెప్ప, నమస్కారం సార్. మీ ముందు పదిమంది ఉన్నారు. పిలిచేదాకా బెలూన్ చుట్టూ ఎడమవైపు తిరుగుతూ ఉండండి."

వెనకనుంచి కొర్లమ్మ నా భుజం పట్టుకుంది.

"ఏటన్నాది ఆ పిల్ల? ఎడంగానా?"

"అలగే అన్నాది."

"తిప్పకు."

అయ్యా, ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మా దిబ్బల మీద పెళ్ళికి కుడి చుట్టు, కొత్త తెప్పకు కుడి చుట్టు, చేపల బారు మీద తిరిగినా కుడి చుట్టే. ఎడమ చుట్టు ఒక్కదానికే. పోయినవాళ్ళ బూడిద సముద్రంలో కలిపేటప్పుడు, మూడుసార్లు.

మాకు ఇంతకుముందు ఒక బిడ్డ పుట్టింది, కొర్లమ్మ కడుపునే. ఊపిరి తియ్యలేదు. పసిబిడ్డలను పూడ్చాలి, కానీ దిబ్బ మీద తవ్వితే నీళ్ళే తప్ప నేల లేదు. ఈ తెప్పతోనే ఆ బిడ్డకు మూడు ఎడమ చుట్లు తిప్పాను. అప్పుడూ వెనక సీటులో కొర్లమ్మే, ఒళ్ళో చిన్న బూడిద కుండ పట్టుకుని.

ఇప్పుడు అదే సీటులో పొత్తిళ్ళ మూట పట్టుకుని కూర్చుంది. నా చెయ్యి ఎడమకు తిరగలేదు. కుడికి తిప్పేశాను.

ఎదురుగా ఒక ఎర్ర విమానం మీదికి వచ్చేసింది. తెప్ప ముక్కు పైకెత్తాను. మా కింద నుంచి అది, దాని మీద నుంచి మేము. రేడియో దద్దరిల్లింది.

"ఓ బాబాయ్ గారూ! ఎదురొచ్చేత్తన్నారేంటండీ బాబూ! కళ్ళు గానీ తీసి ఇంటికాడ పెట్టొచ్చారా?"

"నువ్వే కూసింత తప్పుకో బాబూ! బిడ్డని తెచ్చుకోడానికి పోతన్నాం. ఎడంగా తిరక్కూడదు."

"నా యెనకాల వెయ్యి కోడిపిల్లలున్నాయండి. అయ్యేం పట్టింపు లేకుండా ఎడంగానే తిరుగుతున్నాయి. ఆయ్!"

అతని పేరు సత్తిరాజు, గోదావరి లంకల నుంచి వస్తున్నాడు. తప్పు నాదే, అతన్నేమీ అనను. కానీ మా మాట పూర్తయ్యేలోపే హిమజ గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి సార్ అని కూడా అనలేదు.

"ఏడో దిబ్బ తెప్ప, ఎదురు తిరిగినందుకు సిస్టమ్ మీ వరుస రద్దు చేసింది. వెంటనే వలయం వదిలి తేలుడు రేవులో దిగండి."

నమోదు 3. తేలుడు రేవు. మిట్టమధ్యాహ్నం.

ఇది సముద్రం మీద తేలే రేకుల చాప, నీడ లేదు. తెప్పకు కరెంటు పట్టించుకోవడానికి ఒక స్తంభం ఉంది. దానికి ముందే రెండు విమానాలు అతుక్కుని ఉన్నాయి. రేకు కాలిపోతోంది. కొర్లమ్మ రెక్క కింద కూర్చుంది. కొర్లమ్మ మాట్లాడకపోతే నాకు భయం.

గుమ్మానికి పిలిచాను. పిలిచాను, పిలిచాను. చివరికి పలికింది.

"అమ్మాయ్, నాను దానయ్యని. ఏడో దిబ్బ."

"తెలుసు సార్. అందరికీ తెలుసు మీరు."

"దీపాలేల లోపు గర్భశాలకి పోవాలమ్మా. బిడ్డొస్తంది."

"ఓ! మనవడా సార్?"

"మనవడేటమ్మా! నా బిడ్డే."

నవ్విందేమో, నవ్వుకోనీ. తర్వాత గొంతు కొంచెం మెత్తబడింది.

"సార్, మధ్యాహ్నం తర్వాత మిమ్మల్ని మళ్ళీ వరుసలో పెట్టగలను. చివర్లో. కానీ ఎడమవైపు తిరుగుతామని ఒప్పుకుంటేనే."

"కుడివైపు తిరిగేవోళ్ళకి వేరే బెలూను లేదా తల్లీ?"

"లేదు సార్."

"కట్టకూడదా?"

"ఆకాశంలో ఖాళీ లేదు సార్."

ఇంత ఆకాశం పెట్టుకుని ఖాళీ లేదంటుంది! ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది. వచ్చి కొర్లమ్మకు చెప్పాను.

"ఒప్పుకోకు," అంది.

"ఒప్పుకోపోతే పోలేం కదే."

"ఆ రోజు నువ్వు ఎడంగా తిప్పీసినావు. నాను కుండ వొంపీసినాను. మల్లా అదే సీట్లో కూకుని, అలగే తిరిగి, బతికున్న బిడ్డ కాడికి ఎలగ పోతాను మావా? దానికేటైనా అయితే?"

ఏమీ కాదని చెప్పాలి, అవన్నీ వట్టి పట్టింపులని చెప్పాలి. అది నేనే నమ్మను, ఎలా చెప్పను? ఎండలో అటూ ఇటూ తిరిగాను. ఈదుకుంటూ పోదామా అని కూడా అనుకున్నాను, అంత పిచ్చి పట్టింది.

అంతలో పలక మోగింది. గర్భశాల! బిడ్డ వచ్చేసింది!

వచ్చేసిందండీ! బాగుంది! బరువు బాగుంది, రంగు బాగుంది, అన్నీ బాగున్నాయన్నారు! వింటారా అని ఆ బిడ్డ గొంతు వినిపించారు. ఏడుస్తోంది! గుక్క పట్టి ఏడుస్తోంది! ఊపిరి ఉందండీ ఆ ఏడుపులో, ఎంత ఊపిరో! నేను ఆ కాలిపోతున్న రేకు మీద గంతులు వేశాను. పక్క విమానం వాళ్ళను కావలించుకున్నాను. వాళ్ళెవరో కూడా తెలియదు.

కొర్లమ్మ గంతులు వెయ్యలేదు. పలక చెవికి ఆనించుకుని వింటోంది. లైను ఆగిపోయాక కూడా తియ్యలేదు.

"మావా, ఎందుకు ఏడుస్తందో తెలిసినాదా?"

"ఊపిరాడి ఏడుస్తందే! ఆరోగ్యం!"

"ఎత్తుకునేవోళ్ళు లేక."

లేచింది. మూట చంకన పెట్టుకుంది. తెప్ప ఎక్కి, వెనక సీటు కింద గొళ్ళెం ఊడదీసింది. చేపలు చూసే తెప్పల్లో వెనక సీటు గిర్రున తిరుగుతుంది, దాటిపోయిన బారును వెనక్కి చూడటానికి. కొర్లమ్మ దాన్ని తోకవైపు తిప్పి, గొళ్ళెం వేసి కూర్చుంది. ఇప్పుడు నా వీపూ ఆమె వీపూ ఆనుకున్నాయి.

"నువ్వు ఎడంగా తిప్పు," అంది. "నాను ఇలగ కూకుంటే ఆ బెలూను నా కుడిసేతి పక్కన ఉంటాది."

"మరి నాకో?"

"నీకు ఎడంగానే. ఏటి సేత్తాం. ముసలోడివి, ఓర్సుకో."

"బిడ్డకి ఎవరి లెక్క తగుల్తాది?"

"తల్లి లెక్క."

నమోదు 4. బెలూన్ చుట్టూ. పొద్దు వాలుతోంది.

తిరుగుతున్నాం, ఎడంగానే.

మొదటి చుట్టులో బెలూన్ వైపు తలే తిప్పలేదు. రెండో చుట్టులో కళ్ళు మూసుకున్నాను, తెప్ప నడిపేవాడు చెయ్యకూడని పని. మూడోది మొదలవగానే వెనకనుంచి కేక.

"బేగి పోనీ! నాలుగోది తిప్పీ! నాలుగైతే అది సావు సుట్టు కాదు!"

మోటారు గుంజిపెట్టాను. ముందు పోతున్న సత్తిరాజు తోక దాకా పోయి ఆగాను.

"బాబాయ్ గారూ, పొద్దున్నేమో ఎదురొచ్చారు, ఇప్పుడు యెనకనుంచి పొడుత్తున్నారు! నాతో ఏం పగండీ మీకు?"

"పగేటి లేదు బాబూ! నాలుగోది దాటాలి, అంతే!"

"దాటండి, దాటండి. నా పిల్లలు పొద్దున్నుంచీ తిరిగీ తిరిగీ కోళ్ళయిపోయేలా ఉన్నాయి."

నాలుగోది దాటింది. ఆ తర్వాత లెక్కపెట్టలేదు. ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. ఐస్ మోసే విమానం పోయింది. పూలవాళ్ళు పోయారు. మా ముందు సత్తిరాజు ఒక్కడే మిగిలాడు. ఎండ ఇంకా ఉంది. పట్నం మేడలు ఇక్కడికే కనబడుతున్నాయి. అందులో ఒకదానిలో, మూడో అంతస్తులో, నా బిడ్డ! కొర్లమ్మ వెనక్కి తిరిగి కూర్చుంది కనక, మేడల వైపు పోతున్నప్పుడు ఆమెకు అవి కనబడవు. చుట్టు తిరిగి సముద్రం వైపు పోయినప్పుడల్లా నన్ను అడుగుతోంది, ఇప్పుడు కనబడుతున్నాయా అని. ఇప్పుడు నీకే కనబడతాయే అంటే, అవును కదా అంటోంది.

హిమజ గొంతు వచ్చింది. మమ్మల్నే అనుకున్నాను.

"తూర్పు గుమ్మం దగ్గర ఉన్న అందరికీ. పట్నానికి ప్రముఖులు వస్తున్నారు. వారి భద్రత కోసం గొడుగు మూసేశాం. చేత్తో నడిపే విమానాలు వేటికీ రేపు ఉదయం దాకా ప్రవేశం లేదు. దయచేసి వెనక్కి వెళ్ళండి."

నాకు అర్థం కాలేదు. రేపు ఉదయం అంటే రేపు ఉదయమే కదా? వేరే అర్థం ఏమైనా ఉందా?

"అమ్మాయ్! దానయ్యని! దీపాలేల లోపు అని సెప్పినాను కదమ్మా!"

"సార్, నేను అడిగాను సార్. పై వాళ్ళను అడిగాను. ఒక్క విమానం అన్నాను. ఒప్పుకోలేదు."

"ఎవలమ్మా ఆ పెద్దోళ్ళు? ఆల్ని నాను అడుగుతాను. పిల్లలుంటారు కదా ఆలకీ!"

రేడియోలో ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తోందేమో. సత్తిరాజు మాత్రం ఆగలేదు.

"రేపటికి వెయ్యీ చత్తాయండి! ఎవడో వత్తే నా కోడిపిల్లలు చావాలా! వద్దొద్దంటే కిందటేడు నా బావమరిది ఇలాగే కోపంలో గీత దాటేశాడండి. గాల్లోనే వల వేసి పట్టేశారు, చేపని పట్టినట్టు. మెల్లిగా మోసుకెళ్ళి పట్నం నడిబొడ్డున ఠాణా పెరట్లో దింపారు. విమానం నుగ్గు. ఆడికి జైలు, జన్మలో ఇంక ఎగరకూడదన్నారు. పక్కన మా చెల్లెలుంటే ఆవిడకి మాత్రం బస్సు టిక్కెట్టిచ్చి పంపేశారండి, నడిపినోడిదే తప్పంట! ఇదేం న్యాయమండీ బాబాయ్ గారూ? బాబాయ్ గారూ? ఉన్నారా?"

ఉన్నాను. వింటున్నాను.

నమోదు 5. అక్కడే.

కరెంటు అయిపోతోందని ఎర్రదీపం వెలిగింది. ఇప్పుడు తేలుడు రేవుకు పోవాలి. లేదంటే ఇంకోవైపు.

"కొర్లమ్మా, ఇన్నావా ఆయన సెప్పినది?"

"ఇన్నాను."

"నడిబొడ్డున దింపుతారట."

"నిన్ను ఉంచీసుకుంటారట."

"నిన్ను వొదిలేస్తారట."

వీపు వెనక ఆమె ఊపిరి తెలుస్తోంది నాకు.

"నాకు పట్నం తెలీదు మావా. సదువు రాదు. బస్సు ఎక్కడ దిగాలో తెలీదు."

"గర్భశాల, మూడో అంతస్తు. అను."

"గర్భశాల, మూడో అంతస్తు."

"దారి పొడుగునా అడుగు. ఇన్నేళ్ళు నా మీద పారేసుకున్న నోరు ఇయ్యాల పట్నం మీద పారేసుకో."

"తెప్ప పోతాది మావా."

"పోనీ."

"నువ్వు ఇంకెగరవు."

"ఎగిరినంత ఎగిరినాను. సీటు ఇటు తిప్పుకో, నడుం కట్టు బిగించుకో. మూట కడుపుకి అదుముకో."

అయ్యా గుమ్మం వారూ, పొరపాటున దాటానని రేపు ఎవరైనా అంటే నమ్మకండి. తెలిసే దాటుతున్నాను. మా కొర్లమ్మకు ఇందులో ఏమీ తెలియదు. ఆమె వద్దనే అంది. ఇది రాసుకో పలకా, సరిగ్గా రాసుకో.

"ఏడో దిబ్బ తెప్ప! సార్! మీరు గీత వైపు పోతున్నారు! వెనక్కి తిరగండి, వలలు వస్తాయి!"

"రానీ అమ్మా. నీ తప్పు కాదు. నువ్వు మంచి పిల్లవి."

"సార్, ప్లీజ్!"

"బాబాయ్ గారూ! నేనేదో వాగానండి! అది సలహా కాదండి బాబూ!"

పొద్దు మేడల మీదికి దిగింది. గీత దాటాను.

నమోదు 6. ఠాణా.

పలక నా దగ్గరే ఉంచారు, దాని లైను మాత్రం తీసేశారు. ఇన్‌స్పెక్టర్ గారు మిగతాది కూడా చెప్పమన్నారు, కేసుకు పనికొస్తుందట. చెబుతాను. నాకు వేరే పనేముంది.

నాలుగు పెట్టెలు వచ్చాయి, నాలుగు మూలల వల పట్టుకుని. నేను మోటారు ఆపి, ముక్కు పైకెత్తి, తెప్పను మెల్లిగా వలలోకి జారవిడిచాను. నా జన్మలో ఎన్నో వలలు చూశాను కానీ లోపలినుంచి ఎప్పుడూ చూడలేదు. రెక్క విరిగిన చప్పుడు వినబడింది. కొర్లమ్మ కేక వెయ్యలేదు. గర్భశాల, మూడో అంతస్తు, గర్భశాల, మూడో అంతస్తు అని గొణుగుతూనే ఉంది. మేడల మధ్య నుంచి మమ్మల్ని వేలాడదీసి మోసుకొచ్చారు. కిటికీల్లోంచి జనం చూశారు. ఒకాయన భోజనం చేస్తూ చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

పెరట్లో దింపగానే కొర్లమ్మ దిగింది. భుజానికి దెబ్బ తగిలింది, చెయ్యి సరిగ్గా లేవడం లేదు. ఒక కానిస్టేబుల్ బస్సు టిక్కెట్టు ఇచ్చాడు. దాన్ని కొంగుకు ముడేసుకుని నా వైపు చూసింది. ఏదో చెప్పబోయింది. పో, పో అన్నాను. గేటు దాటి మొదట అటు నడిచింది. ఆగింది. టీ బండి వాణ్ణి అడిగింది. వాడు చూపిస్తే ఇటు తిరిగింది. మళ్ళీ ఇంకెవరినో అడిగింది. ఇంత జనంలో మూట చంకన పెట్టుకున్న ఒక్క ఆడమనిషి ఎంతసేపు కనబడుతుంది? కనబడకుండా పోయింది.

తెప్పను నుగ్గు చేసే మిషను పెరట్లోనే ఉంది. చూడకు పెద్దాయనా, లోపలికి రా అన్నాడు కానిస్టేబుల్. చూశాను. ముప్పై ఏళ్ళు నన్ను మోసింది, ఆ మాత్రం నిలబడొద్దూ. బియ్యం బస్తా అంత అయ్యింది చివరికి. అక్కడే కూలబడ్డాను.

ఇన్‌స్పెక్టర్ గారు నడివయసు మనిషి. ఎదురుగా కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు.

"దారి తప్పి వచ్చావా, తెలిసే వచ్చావా?"

"తెలిసే బాబూ."

"దారి తప్పి అంటే శిక్ష తగ్గుతుంది. ఆలోచించుకుని చెప్పు."

"పలకలో అంతా ఉంది బాబూ. నానే సెప్పినాను రాసుకోమని."

ఆయన తల పట్టుకున్నారు. నేను ఆయన టేబులు వెనక కిటికీ చూస్తున్నాను. బయట వీధి. వీధిలో స్తంభాలు. ఇంకా వెలగలేదు.

"బాబూ, ఇక్కణ్ణించి గర్భశాలకి బస్సు ఎంతసేపు?"

"రోడ్లు ఖాళీగా ఉంటే తొందరగానే. ఇవాళ రోడ్లు కూడా మూసేశారు. ప్రముఖులు వస్తున్నారు కదా."

కింద కూడానా! గాలిలో మాత్రమే అనుకున్నాను. బస్సు ఎక్కడ ఆగిపోయిందో. ఆమె దిగి నడుస్తోందేమో, ఆ భుజంతో. ఎవరిని అడుగుతోందో, మా యాస వీళ్ళకు అర్థమవుతుందో లేదో. ఒక్కసారి ఫోను చెయ్యండి బాబూ అని ఆయన కాళ్ళు పట్టుకున్నాను. కాళ్ళు వెనక్కి లాక్కుని చేశారు. లైను కలవలేదు. మళ్ళీ చేశారు. మోగింది కానీ ఎవరూ తియ్యలేదు.

వీధిదీపాలు వెలిగాయి.

ఒకటొకటిగా కాదు, పట్నమంతా ఒక్కసారే. కిటికీ తెల్లబడింది. నేను లేచి నిలబడ్డాను, ఎందుకో తెలియదు. ఇక్కడ వెలిగాయంటే అక్కడా వెలిగినట్టే కదా బాబూ అన్నాను. కానిస్టేబుల్ తల దించుకున్నాడు. నాకు ఆ ఏడుపే చెవుల్లో ఉంది. ఎవరో వేరే ఆమె వచ్చి ఎత్తుకుంటోంది, పాపం ఆమె కూడా ఎన్నేళ్ళ నుంచి ఎదురుచూస్తోందో. ఏడుపు ఆగితే చాలు, ఎవరు ఎత్తుకుంటేనేం అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్నాను కానీ గోడకు తల కొట్టుకున్నాను. నన్ను పట్టుకుని కూర్చోబెట్టారు. ఎంతసేపు అలా ఉన్నానో పలకకే తెలియాలి.

ఫోను మోగింది. ఇన్‌స్పెక్టర్ గారు విని, ఏమీ చెప్పకుండా నా చెవి దగ్గర పెట్టారు.

"మావా?"

"కొర్లమ్మా! ఎక్కడే! దీపాలెలిగిపోనాయి కదే!"

"అరవకు, నిద్దరపోతంది."

"ఎప్పుడొచ్చినావే?"

"దీపాలకి ముందే. పరిగెట్టీసినాను."

"మరి ఇంతసేపు సెప్పలేదేటే! ఇక్కడ నా పేణం పోతందే!"

"ఎలగ సెప్పను? ఫోను పట్టుకోవాలంటే దీన్ని ఒక సేత్తో పట్టుకోవాలి కదా. రెండో సెయ్యి తియ్యలేదు నాను. ఇప్పుడు నర్సమ్మ నా సెవికాడ పట్టుకుంది."

"పిల్లా? పిల్లోడా?"

"సూళ్ళేదు."

"సూళ్ళేదా!"

"పొత్తిళ్ళలో ఉంది మావా. ఇప్పితే సలి."

ఇన్‌స్పెక్టర్ గారూ, కానిస్టేబులూ ఇద్దరూ వింటున్నారు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. ఒక్కసారి దాని ఊపిరి వినిపించవే, ఫోను దాని దగ్గర పెట్టమనవే అని బతిమాలాను.

"ఇంక పెట్టీ మావా," అంది కొర్లమ్మ. "నర్సమ్మకి సెయ్యి నొప్పెడతంది."